అయిదుగురికీ నీలం చుక్కలే

ఏవండీ, నాకు డ్యూటీకి వేళయింది, వెళ్తున్నాను. మీరు వచ్చేదాకా పిల్లల దగ్గర అత్తయ్య ఉంటారు. కవలల్లో ఒకడికి జ్వరం. ఏడింటికి మందు పట్టాను. మళ్లీ పదకొండింటికి మీరు ఒక చెంచా పట్టండి. మర్చిపోయి రెండోవాడికి పట్టేరు!

వాళ్లకు మూడేళ్లొచ్చినా ఇద్దరిలో ఎవరెవరో మీకు తెలియదు. పేరు పెట్టి పిలిస్తే ఇద్దరూ పలుకుతారు. అందుకని జ్వరం ఉన్నవాడి అరచేతిలో పెన్నుతో నీలం చుక్క పెట్టాను. అది చూసి రెండోవాడు "నాకేదీ?" అని ఏడుపు లంకించుకున్నాడు. నేను జడ వేసుకుని వచ్చేలోపు మన పెద్దది అయిదుగురికీ చుక్కలు పెట్టేసింది. నిద్రపోతున్న చంటిదాన్ని కూడా వదల్లేదు. "అందరికీ సమానంగా ఉండాలి కదమ్మా" అంది. అయిదో చుక్క అత్తయ్యది, అడిగి మరీ పెట్టించుకున్నారు.

కాబట్టి చుక్కల్ని నమ్మకండి, నుదురు ముట్టుకుని చూడండి. అల్లరి మానేసి మీ ఒళ్లో కూర్చున్నవాడికే జ్వరం. ఇద్దరూ బుద్ధిగా కూర్చుంటే మాత్రం వెంటనే నాకు ఫోన్ చెయ్యండి, సెలవు పెట్టి వచ్చేస్తాను.

అన్నట్టు, మీ వాటా మిఠాయి దాచాను. ఎక్కడో అత్తయ్య చెవిలో చెప్పాను, ఇక్కడ రాయను. పెద్దదానికి చదవడం వచ్చేసిందండీ! నిన్న మీకు రాసిన చీటీని తమ్ముళ్లను కూర్చోబెట్టుకుని గడగడా చదివేసింది. తలుపు చాటున నిలబడి చివరిదాకా విన్నాను. బస్సు తప్పిపోయింది, అయినా బాధనిపించలేదు.