కుడివైపు పెట్టెకు కండువా

గజపతినగరం

చి॥ ఉమాశంకర్‌కు మీ మావయ్య ఆశీస్సులు.

తెల్లవారుజాము నుంచి ముసురు. సన్నాయి పీకలు మెత్తబడ్డాయి. పిల్లలకు నోటిపాఠమే చెప్పాను. ఫోను చేస్తే గిరాకీ ఉందని పెట్టేస్తావు గనక ఉత్తరం రాస్తున్నాను.

ఆదివారం విశాఖ హోటల్లో మీ షాపువాళ్ళు పెట్టిన ఖరీదైన స్పీకర్ల ప్రదర్శన చూశాను. నువ్వు టీకి వెళ్ళినప్పుడు ఒకావిడ తోడి రాగం పాడింది. మనిషి లేదు, గొంతు మాత్రం గదిలో కూర్చునే ఉంది. సోఫాల్లో వాళ్ళు పరామర్శకు వచ్చినట్టు ఉలకలేదు. అంత పాట విని ఉత్త చేతులతో లేచి రావడం మన ఇంటా వంటా లేదు. నా పొందూరు కండువా కుడివైపు పెట్టెకు కప్పి, అరటిపళ్ళూ తాంబూలమూ ముందు పెట్టి బస్సెక్కాను.

ఇట్లు,
త్యాగరాజు

తా.క. ఎడమ పెట్టెకు ఏమీ ఇవ్వలేదు. వంత పాడింది అదే అయితే ఇంకో కండువా పంపుతాను.

విశాఖపట్నం

మావయ్యకు నమస్కారాలు.

ఇక్కడ అమ్ముడైన సరుకు మీద గుడ్డ కప్పుతాం. మీ కండువా చూసి మా ఓనరు ఆ జత మీరు కొన్నారనుకున్నాడు. అందరి ముందూ నన్ను మెచ్చుకున్నాడు. ఈ ప్రదర్శనలో ఒక్క జతైనా అమ్మకపోతే ఉద్యోగం మానుకోమని అంతకుముందే చెప్పి ఉన్నాడు. అందుకని నేను కాదనలేదు. వ్యాను వచ్చే వారం గురువారం మీ ఇంటికి వస్తుంది. ధర అడగకండి.

మీ మేనల్లుడు,
ఉమాశంకర్

తా.క. అరటిపళ్ళు ఓనరే తిన్నాడు.

గజపతినగరం

చి॥ ఉమాశంకర్‌కు ఆశీస్సులు.

మేము కొనలేదు, ఆ నిజం చెప్పెయ్యి. కప్పిన కండువా మాత్రం వెనక్కి తేవద్దు, ఆవిడకు అవమానం. మీ అత్త త్రిపురసుందరి నామీద కోప్పడింది. "నిజం సెప్తే పిల్లడి కొలువు పోదేటి? రానీ, గది ఉన్నాది కదా" అంటోంది.

ఇట్లు,
త్యాగరాజు

తా.క. ముందుగది ఖాళీ చేసేసింది. ధాన్యం బస్తాలు నా మంచం మీదకు వచ్చాయి. నేను అరుగు మీదకు వచ్చాను.

విశాఖపట్నం

మావయ్యకు నమస్కారాలు.

వ్యాను ఆపాను. శ్రీకాకుళం డాక్టర్ జగన్నాధం గారికి ఆ జతే కావాలట. సంగీతం తెలిసినవారు ఎంచుకున్నారని విన్నారు, ఇంకేదీ వద్దంటున్నారు. మీరు వదులుకుంటే ఆయనకిస్తానన్నాడు ఓనరు. బుధవారం ఆయన మీ ఇంటికి వస్తారు. "తీసుకోండి" అని ఒక్క మాట అనండి, నా ఉద్యోగం నిలబడుతుంది.

ఉమాశంకర్

తా.క. కండువా సంగతి ఎత్తకండి. నిజం చెప్పాలనిపిస్తే సన్నాయి నోట్లో పెట్టుకోండి.

గజపతినగరం

చి॥ ఉమాశంకర్‌కు ఆశీస్సులు.

డాక్టరు గారు వచ్చారు. నువ్వు రాసినట్టే "తీసుకోండి" అన్నాను. ఆయన అరుగు మీద నిలబడే మీ ఓనరుకు డబ్బు పంపేశారు. నీ ఉద్యోగానికి ఢోకా లేదని ఓనరు ఫోనులో నాతోనే అన్నాడు. అంతటితో అయిపోవలసింది. మీ అత్త గుమ్మంలోకి వచ్చింది.

"మీ ఇల్లు సూడకుండా ఎలా పంపుతాం బాబూ? మా కండువా కప్పించుకున్న మనిషి. ఏ గదిలో ఉంచుతారు? ఏటి పాడిస్తారు? మద్దిలో ఆపేసి ఫోను మాటాడతారేటి?"

గది పెద్దదేననీ, సాయంత్రాలు మాత్రం తన భార్య అక్కడ సీరియళ్ళు చూస్తుందనీ ఆయన చెప్పారు. చెప్పకుండా ఉండవలసింది. మీ అత్త లోపలికి వెళ్ళి చీర మార్చుకుంది.

ఇట్లు,
త్యాగరాజు

తా.క. కారు రెండున్నరకు శ్రీకాకుళం బయలుదేరింది. డాక్టరు గారు, డ్రైవరు, మీ అత్త వెళ్ళారు.