ఒంటిగంటకు వచ్చే శాటిలైట్

ఫిబ్రవరి 4, 2013

పెట్టె ఎక్కింది. డాబా మీద, నా గది ముందే, నీళ్ళ ట్యాంకు పక్కన ఇనుప స్టాండుకి బిగించారు. హబ్సిగూడలోని మా ల్యాబ్ నుంచి నాచారం దాకా ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. "కొత్త కుక్కరా మేడమ్?" అన్నాడు ఆటో అతను. అవునన్నాను. గాలిలో కార్బన్ డయాక్సైడ్ కొలిచే యంత్రం అని మొదలుపెడితే ఇల్లు వచ్చినా దిగనివ్వడు.

గైడ్ సార్ మాట: "పైనుంచి శాటిలైట్ కొలుస్తుంది, కింద నీ పెట్టె కొలుస్తుంది. రెండూ ఒకేలా కదిలితే ప్రాజెక్టు బతికినట్టు." కదలకపోతే...? సార్ టీ తాగారు.

ఫిబ్రవరి 5

ఓనర్ మల్లేశం అంకుల్ పైకొచ్చారు. పెట్టె చుట్టూ ఒక ప్రదక్షిణం.

"గీ శాటిలైట్ల నా బోడుప్పల్ ప్లాటు కనబడ్తదా బిడ్డా? కబ్జా అయిందో ఏందో జర సూసి చెప్పు."

ప్లాట్లు కనిపించవు అంకుల్, బోడుప్పల్, ఉప్పల్, నాచారం అన్నీ కలిపి దానికి ఒక్క చుక్క - అన్నాను.

"అంటే నా ప్లాటు, ఊరవతలి చెత్త డంపు ఒక్కటేనా?"

మొహం మాడిపోయింది. డాబా ఎందుకిచ్చానా అనుకుంటూ దిగిపోయారు.

ఫిబ్రవరి 6

మొదటి పాస్. మూడు రోజులకోసారి, మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో శాటిలైట్ మన నెత్తి మీదుగా పోతుంది. ఆ రోజుల్లో డాబా మీద చీరలు ఆరేయొద్దని, మిరపకాయలు ఎండబెట్టొద్దని అంకుల్ భార్య సత్తెమ్మ ఆంటీకి చెప్పాను. నేనేమో ఆ వేళకి ల్యాబ్‌లో ఉంటాను, కాపలా కాసేవాళ్ళు లేరు.

"ఒంటిగంటకు పక్కా వస్తదా? ఆలస్యం గిట్ల జేయదు గద?"

చేయదు ఆంటీ.

"మా ఆయన కంటే నయం."

ఫిబ్రవరి 24

ఆదివారం. దమ్మాయిగూడలో అక్క ఇంట్లో భోజనం, ఎప్పటిలాగే. బావ మళ్ళీ అదే ప్రశ్న - చదువు ఎప్పుడైపోతుంది? సాంబారు బాగుందన్నాను.

మార్చి 2

సాయంత్రం వచ్చేసరికి డాబా కడిగి ఉంది. పెట్టె ముందు ఈ చివర నుంచి ఆ చివర దాకా ముగ్గు. మామూలు ముగ్గు కాదు, పండగ ముగ్గు, రంగులతో సహా.

"పైకెల్లి సూసేటోళ్ళకు గచ్చు గలీజుగ కనబడొద్దు బిడ్డా. నీ పరీక్ష గద."

ఒక్క చుక్క సంగతి మళ్ళీ చెప్పబోయి మానుకున్నాను. ముద్దొచ్చింది ఆంటీ. నిజంగా.

మార్చి 15

బాగాలేదు. శాటిలైట్ అంకె మామూలుగా వస్తోంది. నా పెట్టె అంకె మాత్రం పాస్ వేళకి ఆకాశానికి అంటుతోంది. గీత నిలువుగా లేస్తుంది, అరగంట అక్కడే ఉండి కిందికి వస్తుంది. ఫిబ్రవరిలో లేదు ఈ రోగం.

సెన్సార్ మార్చాను. గాలి పీల్చే పైపు మార్చాను. పెట్టెని తిట్టాను కూడా.

మార్చి 18

సార్ గ్రాఫు చూసి కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని, మళ్ళీ చూశారు. "నాచారం ఇండస్ట్రియల్ ఏరియా పక్కనే కదా? ఎవరో మధ్యాహ్నం పూట గుట్టుగా వదులుతున్నారు."

గుట్టుగా. ఆ మాట సార్‌కి ఎంత నచ్చిందంటే మూడుసార్లు అన్నారు. "శిరీషా, ఇది పొరపాటు కాదు, ఇది ఫైండింగ్."

నాలుగేళ్ళలో సార్ నన్ను పేరు పెట్టి పిలవడం ఇదే మొదలు. ఇంటికి నడిచి రాలేదు, ఎగిరి వచ్చాను.

ఏప్రిల్ 3

ఫ్యాక్టరీల వేట. మిట్టమధ్యాహ్నం చున్నీ ముఖానికి చుట్టుకుని చిమ్నీలు చూస్తూ తిరుగుతున్నాను. ఒక బిస్కెట్ ఫ్యాక్టరీ వాచ్‌మన్ నన్ను పొల్యూషన్ ఆఫీసు మనిషి అనుకుని కుర్చీ వేశాడు. లోపలి నుంచి మేనేజర్ పరుగున వచ్చాడు. "మా చిమ్నీ ఎప్పుడో బంద్ మేడమ్, అంతా కరెంటే." కాదు, నేను స్టూడెంట్‌ని... అంటే వినలేదు. బిస్కెట్ ప్యాకెట్లు చేతిలో పెట్టి గేటు దాకా సాగనంపాడు.

బిస్కెట్లు బాగున్నాయి. ఆంటీకి సగం ఇచ్చాను.

ఏప్రిల్ 11

ప్రాజెక్టుకి డబ్బిచ్చే ఆఫీసు నుంచి కబురు. జూన్ మధ్యలో రివ్యూ. పెట్టె, శాటిలైట్ కలిశాయని చూపిస్తే ప్రాజెక్టు పొడిగింపు, నా ఫెలోషిప్ పొడిగింపు. లేదంటే పెట్టె వేరే ఊరికి, నేను... అక్క వాళ్ళ హాల్లోకి. థీసిస్‌లో మిగిలేది ముందుమాట ఒక్కటే.

సార్‌కి దిగులు లేదు. ఆయన దగ్గర గుట్టు ఫ్యాక్టరీ ఉంది.

ఏప్రిల్ 26

కరెంటు కోతలు. పాస్ వేళకే పోతోంది. ఆంటీ తన ఇన్వర్టర్ నుంచి వైరు పైకి లాగించింది. కింద అంకుల్‌కి ఫ్యాను లేదు. "పేపరుతోని ఇసురుకుంటడు తియ్యి, ఏం పని ఉన్నది ఆయనకు?"

అంకుల్ మెట్ల కిందనుంచి: "నాకు ఇనబడ్తున్నది!"

మే 9

ఇన్నాళ్ళూ పాస్ రోజుల డేటా మాత్రమే తీసుకుంటున్నాను, సార్ చెప్పినట్టే. ఇవాళ తోచక మిగతా రోజులు కూడా గీశాను.

చదునుగా ఉంది. ఒంటిగంటకి ఏమీ లేదు. మధ్య రెండు రోజులూ ఏమీ లేదు. మళ్ళీ పాస్ రోజు - నిలువు గీత.

శాటిలైట్ వస్తోందని ఫ్యాక్టరీ వాళ్ళకెలా తెలుసు?

మే 10

సార్‌ని అడిగాను. తలుపు వేసి వచ్చి, గొంతు తగ్గించి: "అదే కదా! తెలుసుకుని చేస్తున్నారు."

నాకు మొదటిసారి సార్ మీద అనుమానం వచ్చింది.

మే 22

బంద్. బస్సుల్లేవు, ఆటోల్లేవు, ల్యాబ్‌కి తాళం. పాస్ రోజున ఇంట్లో ఉండటం ఇదే మొదలు. గదిలో పడుకుని ఉన్నాను. ఒంటిగంటకి పది నిమిషాల ముందు మెట్ల మీద గాజుల చప్పుడు. కిటికీలోంచి చూశాను.

సత్తెమ్మ ఆంటీ. తలంటుకుని, మంచి చీర కట్టుకుని. చేతిలో మట్టి ధూపం గిన్నె, నిండా నిప్పులు. పెట్టె ముందు ఆగింది. గుప్పెడు సాంబ్రాణి వేసింది. పొగ గుప్పుమంది. పెట్టె చుట్టూ మూడుసార్లు తిప్పింది, పైపు నోటి దగ్గర గిన్నె దించింది, పైకి చూసి దండం పెట్టింది.

నేను చెప్పుల్లేకుండా ఎండలోకి ఉరికాను. "ఆంటీ! ఏం చేస్తున్నారు?"

"భయపెట్టినవ్ గద! ఒంటిగంటకు వస్తదంటివి. ఇంటికొచ్చేటోళ్ళకు దూపమెయ్యమా? నీ డబ్బకు మస్తు దిష్టి తాకింది బిడ్డా, వాడకట్టంత దానికెల్లే సూస్తున్నరు."

ఎప్పటి నుంచి?

"ముగ్గేసినప్పటికెల్లి. ఎన్నడన్న తప్పిన్ననా అడుగు? ఒక్కనాడు తప్పలె."

అవును. ఒక్కనాడూ తప్పలేదు. నా గ్రాఫులో ఉంది.

అరిచాను. నాలుగేళ్ళ చదువుకి పొగబెట్టారు అన్నాను. ఆంటీ కొంగుతో గిన్నె పట్టుకుని దిగిపోయింది. చేయి కాల్చుకుందేమో, చూడలేదు నేను.

మే 23

కోపం పోయింది, సిగ్గు మిగిలింది. పొద్దున కిందికి వెళ్ళాను. ఆంటీ బియ్యం ఏరుతోంది, తలెత్తలేదు. అంకుల్ పేపరు వెనక నుంచి: "నేను అప్పుడే చెప్పిన. సైన్సుకు దూపమెందుకే అని. ఇన్నదా?"

"నువ్వే గద సాంబ్రాణి తెచ్చింది మల్లాపూర్ కెల్లి!"

పేపరు మళ్ళీ పైకి లేచింది.

నా తప్పే ఆంటీ, పొగ సంగతి చెప్పాల్సింది అన్నాను. "నీకు మంచి జరగాలనే జేసిన బిడ్డా" అంది, అంతే. నాకు ఏడుపొచ్చింది. ఇద్దరం కలిసి బియ్యం ఏరాం.

మే 24

సార్‌కి చెప్పాను. కళ్ళద్దాలు తీశారు.

"సాంబ్రాణా?"

అవును సార్.

"ఫ్యాక్టరీ లేదా?"

లేదు సార్.

సొంత ఫ్యాక్టరీ మూతపడినట్టు కూర్చున్నారు. తర్వాత అన్నారు - పాతవన్నీ తీసేయ్, సెన్సార్ మార్చావు కాబట్టి ఫిబ్రవరివి కూడా పనికిరావు. రివ్యూ లోపు మంచి పాస్‌లు కొన్నైనా చూపించు. మబ్బు ఉంటే శాటిలైట్‌కి కనబడదు, తెలుసుగా. వానలు రాకముందే.

మే 28

ఇరవై ఐదున మబ్బు కమ్మింది. ఇవాళ పొగ లేదు. మబ్బు లేదు. రెండు అంకెలూ పక్కపక్కన, తోడికోడళ్ళు ఒక్క బల్ల మీద కూర్చున్నట్టు. కుదురుగా. గట్టిగా కేక వేశాను. కింద అంకుల్ దొంగ అనుకుని కర్ర తీసుకొచ్చారు.

మే 31

మబ్బు.

జూన్ 3

మంచి పాస్. రెండు అయ్యాయి. రెండు చాలవు, రెండు చుక్కల మధ్య గీత ఎవరైనా గీస్తారు అంటున్నారు సార్. ఇంకొకటి కావాలి.

జూన్ 6

వాన. ఊరంతా సంతోషం. పకోడీలు చేసి పంపింది ఆంటీ. మొదటిసారి జీవితంలో వానని తిట్టాను.

జూన్ 9

మబ్బు. ఆంటీ ఇప్పుడు పొద్దున్నే లేచి ఆకాశం చూసి నాకు వార్త చెప్తోంది. "ఉప్పల్ దిక్కు తెల్లగున్నది, మౌలాలి దిక్కు నల్లగున్నది." టీవీ వాళ్ళ కంటే నయం.

రివ్యూ పద్నాలుగున. మిగిలింది ఒక్క పాస్.

జూన్ 12

ల్యాబ్‌కి పోలేదు. పొద్దుటి నుంచి ఒకటే మబ్బు, ఉప్పల్ నుంచి మల్లాపూర్ దాకా పరిచినట్టు. పదకొండుకి కాస్త పలచబడింది. పన్నెండున్నరకి ఘట్‌కేసర్ వైపు నీలం కనిపించింది, చీర అంచంత.

అంకుల్, ఆంటీ ఇద్దరూ పైకొచ్చారు. ఆంటీ చేతులు రెండూ ముందుకు చాపి చూపించింది - ఖాళీ. "ఏం తేలె, సూడు." సార్ ఫోన్: "ఏమైంది?" ఇంకా ఏమీ కాలేదు సార్. ఫోన్ పెట్టేయలేదు ఆయన, లైన్లోనే ఉన్నారు.

అంకుల్ పెట్టె మీదికి వంగారు. జరగండి అంకుల్, మన ఊపిరి కూడా దాన్లో పడుతుంది.

"మన ఊపిరి సుత లెక్కేనా?"

లెక్కే.

ఆంటీ ఆయన చొక్కా పట్టి ట్యాంకు వెనక్కి లాగింది. ముగ్గురం అక్కడ, గోడకి ఆనుకుని. నీలం పెరుగుతోంది. ట్యాంకు మీద ఎండ పడింది, పోయింది, మళ్ళీ పడింది. గడియారంలో ఒంటిగంటకి రెండు నిమిషాలు. అంకుల్ బుగ్గలు ఉబ్బించి ఊపిరి బిగబట్టారు, ఆంటీ చీర కొంగు నోట్లో కుక్కుకుంది, ఫోన్లో సార్ కూడా ఎందుకో చప్పుడు చేయడం లేదు. ఈ డైరీ మోకాలి మీద పెట్టుకుని రాస్తున్నాను. ఎండ ఉంది ఇంకా... మౌలాలి వైపు నుంచి ఒక మబ్బు -