వడ్డాణానికి ఫ్రెంచి పేరు

కెమ్నిట్జ్, జర్మనీ,
ఆదివారం, మార్చి నెల

కరీంనగర్‌లో మగ్గం వర్కు సామ్రాజ్యాన్ని ఏలుతున్న మాతృశ్రీ పాదాలకు, మూడో అంతస్తు నుంచి కనిష్ఠ పుత్రుడు వంగి దండం పెట్టి రాయునది. ఇక్కడ నేను క్షేమం. అక్కడ నువ్వూ, నాన్నా, దుకాణంలో అమ్మాయిలూ, కొత్త కారూ క్షేమమని తలుస్తాను.

"ఫోన్ల అన్నిటికీ నవ్వుతవ్. కాయితం మీద రాయి, అప్పుడు నిజం చెప్తవ్" అన్నావు కాబట్టి ఇదిగో కాగితం. ముందు నీ ప్రశ్నలు. అన్నం వండుకుంటున్నాను. చలి తగ్గింది, అంటే మంచుకు వానగా ప్రమోషన్ వచ్చింది. థీసిస్ నడుస్తోంది, కుంటుతూ. జుట్టు నేనే కత్తిరించుకున్నాను, వీడియో కాల్‌లో టోపీ అందుకే.

ఇక అసలు ప్రశ్న. గిరిజక్క పెళ్లిలో నీ కొత్త వడ్డాణం చూసి, పెళ్లికొడుకు మేనత్త శారదాదేవి గారు, ఆ రిటైరైన ప్రిన్సిపాల్, పక్కావిడతో "నూవో రీష్" అన్నారు. పక్కావిడ నవ్వింది. నువ్వూ నవ్వి థాంక్స్ చెప్పావు. ఇంటికొచ్చాక అనుమానమొచ్చింది. "నేను దేనికి థాంక్స్ చెప్పిన్రా? ఫ్రాన్స్ నీ పక్కనే గదా, అడిగి చెప్పు" అని రాశావు. ఈలోగా వడ్డాణం లాకర్లో పెట్టేశావట. వచ్చే నెల మనోజ్ఞ రిసెప్షన్‌కు ఒంటిపేట గొలుసు చాలునట. ఆ వాక్యం నాకు నచ్చలేదమ్మా. పరాయి పెళ్లిళ్ల జాకెట్లకు ఇన్నేళ్లు పూసలు కుట్టిన చేతులు, సొంత నడుముకు బంగారం చుట్టుకుని మళ్లీ విప్పేయడమేమిటి?

ఫ్రాన్స్ నా పక్కన లేదు, ఉన్నది చెక్ దేశం. కానీ మా కింద అంతస్తులో కొంచెం ఫ్రాన్స్ ఉంది. ఫ్రౌ లిండ్నర్ అనే పెద్దావిడ రోజూ పొద్దున ఫ్రెంచి రేడియో పెడుతుంది. మొన్న నువ్వు పంపిన సకినాలు ప్లేటులో పెట్టుకుని ఆవిడ బెల్లు కొట్టాను. ఫ్రెంచి పంతులమ్మగా చేసిందట. సకినాన్ని తిప్పి చూసి, తొడుక్కోవాలా కొరకాలా అని అడిగింది. కొరికింది. పళ్లు క్షేమం.

ఆవిడ చెప్పింది నీకు అప్పజెబుతున్నాను. నూవో అంటే కొత్త, రీష్ అంటే ధనవంతుడు. ఫ్రాన్స్‌లో తాతల నాటి ఆస్తులున్నవాళ్లు, సొంతంగా సంపాదించి పైకొచ్చినవాళ్లను అలా ఎత్తిపొడిచేవాళ్లు. రెండు వందల ఏళ్ల కిందట ఇంగ్లీషు దొరలకూ అదే కడుపుమంట పుట్టింది. మిల్లులు పెట్టినవాళ్లు వీళ్లకంటే పెద్ద బంగళాలు కట్టారు మరి. తిట్టడానికి సొంత మాటల్లేక కాదు. సొంత భాషలో తిడితే తిట్టులా ఉంటుంది, ఫ్రెంచిలో తిడితే చదువులా ఉంటుంది. అందుకని మాటను యాసతో సహా అరువు తెచ్చుకున్నారు. జర్మన్లు 'నోయ్‌రైష్' అని సొంత మాటే కట్టుకుని సూటిగా అనేస్తారు. మనవాళ్లకు అర్ధరాత్రి గొడుగు సామెత ఉండనే ఉంది. శారదాదేవి గారు నిన్ను అన్నది ఆ గొడుగు మాటే. దాచను.

కానీ ఆ ప్రిన్సిపాల్ గారికి తెలియనిది ఒకటుంది. ఈ నూవోకు లాటిన్‌లో ఒక అవ్వ ఉందట. ఆ మాటను లేత తీగలకు వాడేవారట. మూలంలో అది చిగురమ్మా.

ఇప్పుడు కాగితం మీద చెప్పాల్సిన నిజం. నా పుట్టినరోజు ఫోటోలో కేకు పక్కన నాలుగు ప్లేట్లు చూసి, దోస్తులు ఏరీ అని అడిగావు. ఫోటో తీస్తున్నారన్నాను. ఒక ఫోన్‌ను ముగ్గురు ఎలా పట్టుకున్నారని నువ్వడగలేదు, అది నీ మంచితనం. ముగ్గురూ లేరు. నాతో చదివినవాళ్లు ఉద్యోగాలొచ్చి వాల్డార్ఫ్, మ్యూనిక్ వైపు వెళ్లిపోయారు. థీసిస్‌తో నేను మిగిలాను. ఆ ప్లేట్లన్నీ నేనే కడుక్కున్నాను.

అక్టోబరులో ఈ ఇంట్లో దిగాను. మన వీధిలో ఎవరైనా కొత్తగా దిగితే, సామాను దించకముందే పక్కింటివాళ్లు చాయ్ పట్టుకుని రారూ? నేనూ అలాగే ఎదురుచూశాను. బిస్కెట్లు కూడా కొని పెట్టాను. ఎవరూ రాలేదు. మెట్ల మీద తల ఊపి వెళ్లిపోయేవాళ్లు. నేనంటే పడదనుకున్నాను. కొన్ని ఆదివారాలు, గొంతు ఉందో లేదో చూసుకోవడానికి కుక్కరుతో మాట్లాడాను. అది విజిల్ వేసి జవాబిచ్చేది.

ఇదంతా ఫ్రౌ లిండ్నర్‌కు జోకులా చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"మా దగ్గర కొత్తగా వచ్చినవాళ్లే తలుపు కొట్టాలి. నువ్వు కొట్టలేదు. నీకు మేం అక్కర్లేదేమో అనుకున్నాం" అంది.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. సకినాల్లో వాము ఘాటని చెప్పాను. నమ్మలేదు, ఇంకో కప్పు కాఫీ పోసింది.

ఇంకా మూడు తలుపులున్నాయి. నిన్న ఎదురింటి బెల్లు దాకా వేలు వెళ్లి, ఏదో పనున్నట్టు తిరిగొచ్చింది. కాబట్టి ఒప్పందం. నువ్వు లాకరు తెరువు. వడ్డాణం పెట్టుకుని మనోజ్ఞ రిసెప్షన్‌కు వెళ్లు. శారదాదేవి గారు ఉంటే పక్కనే కూర్చో. మళ్లీ ఆ మాటంటే మళ్లీ థాంక్స్ చెప్పు, ఈసారి తెలిసి చెప్పు. నీ ఫోటో వచ్చిన రోజు నేను ఎదురింటి బెల్లు కొడతాను.

నాన్నకు ప్లేట్ల సంగతి చెప్పకు. సకినాలు మళ్లీ పంపు, మూడిళ్లకు సరిపడా.

ఇట్లు,
ఈ మెట్ల మీద ఇంకా లేతగా ఉన్న
నీ చిన్నోడు,
సాయి కిరణ్