ఒక్క స్టార్ మింగిన పేర్లు

ఆగస్టు 4
స్కానర్‌లో మళ్ళీ అంతా పచ్చ. రొయ్యల రైతుల సిస్టం కొత్త సర్వర్‌కి మారి వారం కాలేదు, ఒక్క సెట్టింగూ తప్పిపోలేదట! ప్రోగ్రాం అడిగే సెట్టింగుల పేర్లన్నీ సర్వర్‌లో ఉన్నాయో లేదో వెతికి, లేనివాటిని ఎర్రగా చూపించే స్కానర్ అది. నేను రాసిందే. అబద్ధం చెప్పదు — ఎవరైనా నోరు నొక్కితే తప్ప.

ఆగస్టు 5
నొక్కింది సుధాకరే. స్కానర్ పట్టించుకోనక్కర్లేని పేర్లు రాసే ఫైలు తెరిచాను. టెస్టింగ్ కోసం పెట్టుకున్న ఒకటి రెండు పేర్లు వదిలేయమనడానికి, 'ఎస్సెమ్మెస్' అని కొట్టి పక్కన స్టార్ గుర్తు (*) పెట్టాడు. అలా మొదలయ్యేవన్నీ అందులో పడి కొట్టుకుపోయాయి. అసలు మెసేజ్ పంపడానికి కావాల్సిన, పాస్‌వర్డ్ లాంటి కీ కూడా. అది కొత్త సర్వర్‌లో లేనే లేదు.
ప్రతి వరుస పక్కనా కారణం రాయాలన్నది మా ఆఫీసు కట్టుబాటు. అతను రాసిన కారణం — 'తర్వాత చూద్దాం'.
నా పక్కన కూర్చుని ఓనమాలు నేర్చుకున్నవాడు. ఇవాళ నా మీద మేనేజరు.

ఆగస్టు 6
చెప్పాను. పటమట ఆఫీసులో, అందరి ముందూ.
"మాస్టారూ, డెమోలో ఎర్రగా కనిపిస్తే రైతులు బెదిరిపోతారండీ. ఈమధ్య మీకు చాదస్తం మరీ ఎక్కువైంది."
అందరూ నవ్వారు. గంట మోగుతోందని దాని నాలుక కోసినవాళ్ళు... చరిత్ర పుస్తకాల నిండా వీళ్ళే.
సరే. నోరు మూసుకుంటా. అతనే బోర్లా పడనీ. చూడాలని ఉంది.

ఆగస్టు 8
చూస్తున్నా.

ఆగస్టు 9
కంకిపాడు నుంచి రంగారావు గారి ఫోన్. రొయ్యల చెరువులో నీళ్ళకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఆగితే మెసేజ్ వస్తుందని మా సిస్టం పెట్టించుకున్న రైతు.
"మెసేజ్ వచ్చుద్ది గదండీ, ఇంక రాత్రి కాపలా మనిషెందుకు? ఇయ్యాల్టి నుంచి మాన్పించేత్తన్నా."
"కొన్నాళ్ళు ఆగండి."
"అదేందండీ! సుధాకర్ గారు ఢోకా లేదన్నారే. మీలో మీరు ముందు ఓ మాట మీదకి రండి!"
పెట్టేశారు. అసలు సంగతి నోటిదాకా వచ్చి ఆగింది. సొంత ఆఫీసు పరువు... నా చేత్తో కట్టిన సిస్టం.
పొద్దుటి నుంచి మబ్బు. ఇలాంటి రోజున నీళ్ళలో ఆక్సిజన్ అసలే తక్కువ; ఏరేటర్ ఆగితే తెల్లారేసరికి రొయ్యలన్నీ చచ్చి తేలతాయి. బోర్లా పడాలని నేను కోరుకున్నది ఈయన కాదు.

అదే రోజు, సాయంత్రం
స్టార్ తీసేశాను. టెస్టింగ్ పేర్లు మాత్రం విడివిడిగా రాశాను, కారణంతో సహా. స్కానర్ నడిపా. ఒకే ఒక్క ఎర్ర గీత — మెసేజ్ కీ లేదు.
ఇప్పుడైనా చెప్పేద్దామని రంగారావు గారికి చేశా. ఎత్తడం లేదు.
కీ సుధాకర్ దగ్గరే ఉంది. అడగాలి. చాదస్తం అన్నవాణ్ణి, నేనే.
సుధాకర్ నంబరు తీశా. పెట్టేశా. కంకిపాడు వైపు ఆకాశం నల్లబడింది.
మళ్ళీ తీశా...