మా కూలి మేమే చెప్పాం

కసర్ హలాల్ ఊరినుంచి

పిన్నికి నమస్కారాలు.

ఫోన్లో చెబితే నీకు సగమే వినపడుతుందని ఉత్తరం రాస్తున్నాను.

యూరప్ బేరాలు పడిపోయిన ఏడాది మా బట్టల కార్ఖానా యజమాని తైయబ్ మమ్మల్ని నోటిమాటతోనే ఇంటికి పంపేశాడు. కాగితం మీద మేం పనివాళ్లమే కాదు గనుక అడగడానికి ఏ ఆఫీసూ లేకపోయింది. కుట్టుమిషను అమ్మేసి ఎవరింట్లోనైనా పనికి కుదురుకోమన్నావు నువ్వు. అమ్మలేదు పిన్నీ. నలుగురం, మాతో పనిచేసిన మొంజియా అక్క ఇంటి ముందుగదిలో మిషన్లు వేసుకుని, బడిపిల్లల గౌన్లు కుట్టి సంతలో అమ్మాం. మొదటి చలికాలం రొట్టె, మిరపముద్దతోనే గడిచింది.

ఇప్పుడు బేరాలు పుంజుకున్నాయి. నిన్న తైయబే మా గుమ్మంలోకి వచ్చాడు.

"రండమ్మా, మీ చోట్లు మీకోసం అట్టే పెట్టాను," అన్నాడు.

మొంజియా అక్క మిషను ఆపలేదు. "మా చోట్లు ఇక్కడున్నాయి తైయబ్ గారూ. పనుంటే బట్ట ఇక్కడికే పంపండి. కూలి ఎంతో మేం చెబుతాం, మీరు రాసి సంతకం పెట్టండి," అంది.

"రేపు మళ్లీ బేరాలు పడిపోతే ఏం తింటారు?"

"పోయినసారి ఏం తిన్నామో అదే. అప్పుడు మీరు అడగలేదుగా."

ఆయన మేం చెప్పిన కూలి కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. ఈ పొద్దున బట్ట మూటలతో వ్యాను వచ్చింది. వెనకే ఆయనా వచ్చి, "రేపే మొదలుపెడతారా?" అని నన్నడిగాడు.

"బడులు తెరిచేదాకా గౌన్ల పనుంది. ఆ తర్వాత మీది," అన్నాను.

ఆ మాట నా నోటినుంచే వచ్చింది పిన్నీ. ఆయన సరేనన్నాడు.

నీ అక్క కూతురు