లాస్టొచ్చే మనిషి

కంచరపాలెం,
మంగళవారం.

అమ్మా శ్రీసత్యా,

ముందు నీకూ, అల్లుడుగారికీ, పిల్లదానికీ నా దీవెనలు. ఇక్కడ నాను బాగానే ఉన్నాను. వేళకి తింటన్నాను, బడిలో వంట పని మానలేదు. రాయపూర్లో మీ ముగ్గురూ చల్లగా ఉంటే నాకదే చాలు.

ఫోన్లో తమ్ముడు చంటి పేరు రాగానే నువ్వు ఏడుస్తావు, నాను పెట్టేస్తాను. అందుకే నువ్వు ఉత్తరం రాసేవు, నానూ రాస్తన్నాను. తప్పులుంటే సరిచేసుకుని చదువుకో.

మోకాళ్ళెలా ఉన్నాయన్నావు. మొదట్లో నొప్పెట్టేవి. ఇప్పుడు బడిలో అన్నం డేగిసా ఎవరి సాయం లేకుండా దించుతన్నాను. చీర మీద బూట్లేసుకుని బీచిరోడ్డు మీద పరిగెడితే జనం నవ్వరా అన్నావు. ఎందుకు నవ్వరు? మొదటి రోజు సేపలమ్మే అసిరమ్మ గంప దించి మరీ నవ్వింది.

"ఏటి మంగాయక్కా, గొలుసు తెంపుకుపోయాడేటి ఎవడైనా?" అంది.

"నా మెళ్ళో గొలుసేదే, కొనిపెడతావేటి?" అన్నాను. ఇప్పుడు నాను కనబడితే చాలు, చెయ్యూపుతాది.

అసలు నానక్కడికి పరిగెట్టడానికి వెళ్ళలేదమ్మా. చంటి పసుపుపచ్చ కోటు తిరిగిచ్చేద్దామని వెళ్ళేను. ఆదివారం తెల్లారకుండా వేసుకెళ్ళేవాడు చూడు, మెరుపు గీతలుంటాయి, అది. వాళ్ళ పరుగు గుంపులో ఒక పద్ధతుందంట. అందరికంటే వెనక ఒక మనిషుండాలి. ముందున్నవాళ్ళు ఎంత మెల్లగా నడిచినా వాళ్ళని దాటకూడదు, వదిలేసి పోకూడదు. ఆ మనిషికే ఆ కోటు. మన చంటి చేసిన పని అదే. నాకేటి తెలుసు? ఇంటికి రాగానే "ఎన్నోవాడివొచ్చేవురా?" అని అడిగేదాన్ని. "లాస్టేనమ్మా" అని నవ్వేవాడు. పాపం ఓడిపోతన్నాడని రోజూ గుడ్డు ఉడకబెట్టి తినిపించేదాన్ని. మాటాడకుండా తినేసేవాడు, దొంగ!

గుంపుకి పెద్ద సింహాద్రిగారు. పోర్టులో క్రేను నడుపుతాడు. కోటిస్తే తీసుకోలేదు. "దీన్ని ఇంకొకరికి ఇయ్యబుద్ధి కావట్లేదమ్మా. ఇవాళ్టికి మీరే రండి" అన్నాడు.

"నానేటి, పరుగేటి బాబూ?"

"వెనకుండడానికి పరుగు రానక్కర్లేదమ్మా. ఓపికుంటే చాలు."

ఆ రోజు అందరికంటే వెనకున్నది షాహీనా. పాతూర్లో వాళ్ళకి బట్టలకొట్టుంది. మనిషి కొంచెం లావు. తననెవరూ చూడకూడదని ఎప్పుడూ వెనకాలే నడుస్తాదంట. నాను కొత్తదాన్ని కదా, నన్ను చూసి ఆగిపోయింది. "పెద్దవారు, మీరు ముందు నడండి" అంది. "కాదమ్మా, నువ్వే నడు." "అయ్యో, మీరే!" పెళ్ళి భోజనాల్లో మొదటి పంక్తికి ఒకరినొకరు తోసుకున్నట్టు నడిరోడ్డు మీద నిలబడిపోయాం. సింహాద్రిగారు వెనక్కొచ్చి, "అమ్మల్లారా! అవతల వాళ్ళు టిఫిన్లు కూడా తినేసేరు!" అని మొత్తుకున్నాడు.

తరవాత తరవాత షాహీనా కొంచెం కొంచెం పరిగెట్టడం మొదలెట్టింది. ఆవిడ పరిగెడితే నానూ పరిగెట్టాలి కదా. నాకు పరుగొచ్చింది అలాగేనమ్మా.

ఇంక నువ్వడిగిన పెద్ద మాట. మీ నాన్నా లేక, చంటీ లేక ఒక్కదానివీ ఎలా ఉంటావు, వచ్చే నెల నానొచ్చి తీసుకుపోతాను, ఇల్లు ఖాళీ చేసెయ్యి అన్నావు. దానికి జవాబు చెప్పే ముందు నీకో సంగతి చెప్పాలి. ఇంతవరకూ రాయడానికి చెయ్యాడలేదు.

మొన్నాదివారం షాహీనా వాళ్ళాయన మీద ఏవో చెప్తా, నవ్విస్తా పరిగెడతంది. సముద్రం మీద ఎండ పడింది. దూరంగా ఓడలు నిలబడున్నాయి. నాకు ఒళ్ళంతా తేలికైపోయింది. తీరా ఆగేక తెలిసింది, అంతసేపూ నాకు చంటి గుర్తే రాలేదని. లారీ కింద పడి పోయిన బిడ్డని ఏ తల్లి మరిచిపోతాదే? గట్టు మీద కూలబడి ఏడ్చేను. షాహీనా నా కాళ్ళ దగ్గర కూచుని, ఊడిపోయిన బూటు తాడు ముడేస్తా ఒకటే మాటంది.

"అమ్మా, మీ చంటి నా వెనకాల వచ్చినన్నాళ్ళూ నేను ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. ఉన్నాడని తెలుసు కదా."

ఆ మాటకి నా ఏడుపు ఆగిపోయింది, నిజంగా.

అందుకని నాను రాయపూర్ రాను తల్లీ. కోపం తెచ్చుకోకు. ఇక్కడ నాకు పనుంది. నువ్వే రా. వాడి పెద్దకర్మ అయ్యేక నువ్వీ గుమ్మం తొక్కలేదు. వాడి అలమర చూస్తే తట్టుకోలేనన్నావు. తెరవొద్దు. అదెక్కడికీ పోదు. శనివారం బండి దిగు, ఆదివారం నాతో బీచికి రా. పరిగెట్టక్కర్లేదు, నడు. ఏడుపొస్తే ఏడు, ఆగాలనిపిస్తే ఆగు. అందరూ ముందుకెళ్ళిపోతే వెళ్ళిపోనీ. వెనక్కి తిరిగి చూడక్కర్లేదు. కోటేసుకుని నానుంటాను.

ఇట్లు,
ఆదివారం ఆదివారం లాస్టొచ్చే మీ అమ్మ,
మంగాయమ్మ.