ఈరమ్మ చేతిలో రాయి

బాపూ,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీ ఆటో ఇప్పుడు నేనే నడుపుతున్నాను. పొద్దున నాట్లకు పోయే కూలీలను ఎక్కించుకుని, చెల్పూర్ తారురోడ్డు దిగి గుట్టల నడుమ లోయలోకి పోయాను. రాత్రి వాన పడింది. వాగు దాటాక వచ్చే మొరం బాట ఎక్కుడంతా జారుతోంది.

అక్కడ నువ్వు రోజూ బండి ఆపేవాడివి. "దిగుండ్రి, ముందల నడువుండ్రి. బండెనుక ఒక్కరుండొద్దు" అని అందరినీ దింపి, ఖాళీ బండిని మొదటి గేరులో ఎక్కించేవాడివి. కూలీలందరిలో పెద్దామె ఈరమ్మవ్వ మోకాళ్లు పట్టుకుని గొణిగేది: "ఆటో ఎక్కినంక గీ నడుసుడేందయ్యా!"

నువ్వు పోయిన రోజు కూడా అందరూ క్షేమంగా పైకి చేరారు. వెనక్కి జారి లోయలో పడ్డ బండిలో నువ్వొక్కడివే ఉన్నావు.

ఇవాళ నేను బండి ఆపగానే, చెప్పకముందే అందరూ దిగి ముందు నడిచారు. ఈరమ్మవ్వ మాత్రం పెద్ద రాయి ఒకటి ఎత్తుకుని వెనక టైరు పక్కన నిలబడింది.

"ముందలికి పో అవ్వా" అని కసిరాను.

"పోను. బండి ఎనుకకు జారితే టైరు కింద రాయి పెడత. నువ్వు నడుపు బిడ్డా."

ఎక్కుడు పొడుగునా ఆయాసపడుతూ బండి పక్కనే నడిచింది. పైకి చేరాక గానీ రాయి కింద పెట్టలేదు.

ఇంతమందిని దింపావు. "రాయి పట్టుకుని ఒకరు నా పక్కన నడువుండ్రి" అని ఒక్కనాడైనా ఎందుకడగలేదు బాపూ?